ఎవరి బ్యాటు వారిదే
(శతాబ్ది ఉత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



రెండు దినములుగా ఈ సభలలో మన పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, ఆలయములను గూర్చి పెద్దలు మాట్లాడినారు. నూరు సంవత్సరముల దైవకృపను తలంచుకొనుట మనకు ధన్యత. పిల్లల మధ్య జరుగు పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరినారు. మేము చెప్పబోవునది పెద్ద సంగతి కాదు. ఒక బ్యాటును గూర్చిన సంగతి. అందులో తప్పు పిల్లలది కాదు, మాది. అందుకనే ఈ సభలో ఒప్పుకొనదలచినాము.

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో బాలబాలికలకు ఐదు దినముల శిబిరమును నడిపించినాము. పట్టణ సంఘములనుండి, గోదావరి లంక గ్రామములనుండి సుమారు ఎనభై మంది పిల్లలు వచ్చినారు. అంతకుముందు తల్లిదండ్రులకు ఒక ఉత్తరము పంపినాము. పళ్లెము, గ్లాసు, దుప్పటి, బైబిలు తెచ్చుకొనవలెనని వ్రాసి, చివర "ఎవరి ఆట సామాను వారు తెచ్చుకొనవలెను" అని ఒక పంక్తి చేర్చినాము. శిబిరమునకు ఖర్చు తగ్గునని అట్లు చేసినాము. ఆ ఒక్క పంక్తి కొన్ని ఇండ్లమీద ఎంత బరువు మోపునో అప్పుడు మాకు తోచలేదు.

మొదటి సాయంకాలము పిల్లలు సంచులు విప్పినారు. పట్టణపు పిల్లలు కొందరు కాశ్మీరు విల్లో బ్యాట్లు, గ్లౌజులు, ప్యాడ్లు బయటికి తీసినారు. లంకనుండి వచ్చిన పదకొండేండ్ల బాబు ఒకడు కొబ్బరి మట్ట బ్యాటు తీసినాడు. కోనసీమలో పెరిగినవారిలో ఆ బ్యాటుతో ఆడనివారెవరు? ఎండిన మట్ట మొదలును నునుపుగా చెక్కి, పిడికి సైకిలు ట్యూబు చుట్టి, తండ్రి శ్రద్ధగా చేసి పంపినాడు.

ఒక కుర్రవాడు, "అది బ్యాటు కాదురా, పొయ్యిలో పెట్టే మట్ట!" అన్నాడు. అందరును నవ్వినారు. దాచనేల? దూరమున నిలిచియున్న మాకు కూడ నవ్వు వచ్చినది. ఆ బాబు సరిగా అప్పుడే మా వైపు చూచినాడు.

మరునాటినుండి ఆ బాబు ఆటకు రాలేదు. అడిగితే, "చెయ్యి నొప్పండి" అన్నాడు. తీగలు వదులైన షటిల్ రాకెట్టు తెచ్చుకొన్న ఒక అమ్మాయి, "నాకు ఆట రాదండి" అని గట్టుమీద కూర్చున్నది. మేము రెండు మాటలను నమ్మినాము. ఆ బాబు చేతికి తైలము కూడ రాసినాము. మూడవనాటి ఉదయము వంటశాల వైపు వెళ్లగా రబ్బరు కాలిన కమురు వాసన వచ్చినది. పొయ్యిలో సగము కాలిన మట్ట, దానికి అంటుకొని కరుగుచున్న సైకిలు ట్యూబు కనబడినవి. వంట చేయు సహోదరిని అడిగితే, "ఆ బాబే తెచ్చిచ్చాడండి అయ్యగారూ, పొయ్యిలోకి పనికొస్తుందని" అన్నది.

అంతటితో ఆగక మేము రెండవ తప్పు చేసినాము. ఆ సాయంకాలమే బజారునుండి కొత్త బ్యాటు తెప్పించి, పిల్లలందరి యెదుట ఆ బాబును పేరు పెట్టి పిలిచి, చేతికిచ్చి, చప్పట్లు కొట్టించినాము. మేలు చేసినామని మాకు తృప్తి కలిగినది. ఆ బాబు తల వంచుకొని పుచ్చుకొన్నాడు. శిబిరము ముగిసి పిల్లలు బస్సులెక్కి పోయిన తరువాత చూడగా, ఆ బ్యాటు మేము బసచేసిన గది తలుపు ప్రక్కన ఆనించియున్నది. దానిమీది ప్లాస్టిక్ కవరైనను విప్పలేదు.

వారము దినముల తరువాత లంకకు వెళ్లి ఆ ఇల్లు వెదకుకొన్నాము. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. అప్పుడే పనినుండి వచ్చి, మంచము వాల్చి మమ్మును కూర్చుండబెట్టినాడు. మేము నోరు విప్పక ముందే ఆయన, "అయ్యగారూ, మావాడి బ్యాటు బాగా ఆడిందాండీ? బరువు సరిపోయిందా? వాణ్ణి అడిగితే ఏమీ చెప్పడండి" అన్నాడు.

ఇన్నేండ్లు ప్రసంగములు చేసిన మాకు ఆ దినమున మాట రాలేదు. కొంతసేపటికి జరిగినదంతయు దాచక చెప్పి, క్షమించుమని అడిగినాము. మా నవ్వును గూర్చియు చెప్పినాము. ఆయన నేలవైపు చూచుచు, "మంచి మట్టండి అది. ఏరి తెచ్చాను" అని మాత్రము అన్నాడు.

ప్రియులారా, వేదాంత కళాశాలలో చదువుకొన్న దినములలో కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయమును ప్రభు భోజన సంస్కారము కొరకే చదివినాము. లంకనుండి తిరిగివచ్చిన రాత్రి దానిని మరల చదువగా వేరొక సంగతి మమ్మును పట్టుకొన్నది. కొరింథులో కూడుకొనినప్పుడు ఎవరి భోజనము వారు ముందుగా తినుచుండిరి. ఒకడు ఆకలితో నుండగా మరియొకడు మత్తుడై యుండెను. పౌలు గద్దించినది వంటకము చౌకదని కాదు, లేనివారిని సిగ్గుపరచుచున్నారని. అక్కడ ఎవరి భోజనము వారిది. మా శిబిరములో ఎవరి బ్యాటు వారిది. ఆ ఏర్పాటే సిగ్గును పుట్టించినది. ఆ ఏర్పాటు చేసినవారము మేమే.

చౌక వస్తువు తనంతట తానే ఎవరికిని సిగ్గు తేదు. ఆ శిబిర ఆవరణలోనే బాస్కెట్ బాల్ స్తంభములున్నవి. ఆ ఆట ఎట్లు పుట్టినదో చూడుడి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున లోపల ఆడుకొనుటకు ఆ ఆటను కల్పించినాడు. ఆయన కెనడా దేశస్థుడు, వేదాంత విద్య చదివినవాడు. ఆయన రెండు పెట్టెలు కావలెనని అడుగగా, అక్కడి పనివాడు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చినాడు. వాటినే గోడమీది వసారా అంచుకు మేకులతో కొట్టి, ఫుట్‌బాల్‌తో ఆట మొదలుపెట్టినారు. బంతి బుట్టలో పడినప్పుడు పైకెక్కి తీయవలసి వచ్చెడిది. అంతకంటె చౌక సామాను ఏమున్నది? అయితే ఆ బుట్టలు ఏ ఒక్కని ఇంటినుండి వచ్చినవి కావు. అందరికిని అవే బుట్టలు.

తరువాతి సంవత్సరము ఉత్తరములో ఆ పంక్తి తీసివేసి, ఆట సామాను ఎవరును తేరాదని వ్రాసినాము. ఒక ఇనుప పెట్టె కొని, సంఘముల కానుకలతో మామూలు బ్యాట్లు, టెన్నిస్ బంతులు, రాకెట్లు అందులో ఉంచినాము. ఏ వస్తువుమీదను దాత పేరు వ్రాయము. ఇవ్వదలచినవారు పెట్టెకు ఇవ్వవలెను గాని బిడ్డ చేతికి కాదు. సామాను అక్కరలేని కబడ్డీ, ఖోఖో ప్రతిదినము ఆడించుచున్నాము. "చెయ్యి నొప్పి", "ఆట రాదు" అన్న బిడ్డను ఏకాంతముగా మరియొకసారి అడుగవలెనని ఉపాధ్యాయులకు చెప్పినాము. కోచింగుకు పోవు తన కుమారుడు మంచి బ్యాటు లేక ఎట్లు ఆడునని ఒక తండ్రి అడిగినాడు. ఆయనను తప్పుపట్టము, ఆయనయు ప్రేమతోనే కొన్నాడు. ఐదు దినములలో మీవాని ఆట చెడదని, ఒక స్నేహితుడు దొరకవచ్చునని చెప్పినాము.

ఆ బాబు ఆ సంవత్సరము రాలేదు. మరుసటి సంవత్సరము వచ్చినాడు. దినమంతయు బౌలింగు చేసినాడు గాని బ్యాటు మాత్రము పట్టుకొనలేదు. మేమును బలవంతము చేయలేదు.

ఈ సంగతి శిబిరములకే చెందినది కాదు. క్రిస్మసుకు బీద పిల్లలకు బట్టలు పంచునప్పుడు పేరు పేరున పిలిచి, వరుసగా నిలువబెట్టి ఫోటో తీయు అలవాటు మన సంఘములలో ఎంత ఉన్నదో ఆలోచించుడి. ఆ బట్టలు ఇంటికి పంపినను పిల్లలు తొడుగుకొందురు. కొత్త నూరు సంవత్సరములలోనికి అడుగిడుచున్న మనము కట్టడములు కట్టకపోయినను ఫరవాలేదు. మన చేతులమీదుగా ఏ బిడ్డయు తన తండ్రి చేసిన వస్తువును పొయ్యిలో వేయకుండ చూచుకొందము.

దేవుడు అట్టి కృప మనకు దయచేయును గాక. ఆమేన్.