తేలిక నీరు, క్యాన్సరు కణాలు



అంబత్తూరు పారిశ్రామికవాడను నమ్ముకుని జీవించే తెలుగు కుటుంబాలకు నీరు నిత్యచింత. లారీ నీరా, క్యాన్ నీరా, కాచిన నీరా అన్న విచారణ ప్రతి ఇంటా ఉన్నదే. అటువంటి ఇంట ఎవరికైనా క్యాన్సరు అని తేలినప్పుడు, డ్యుటీరియం తగ్గించిన నీరు తాగితే గడ్డ కరుగుతుందన్న మాట వినబడితే ఆశ కలగడం సహజం. ఆ మాటలో శాస్త్రం ఎంత, ఆశ ఎంత అన్నది విడదీసి చూడవలసి ఉన్నది.

హైడ్రోజన్‌కు డ్యుటీరియం అనే బరువైన తోబుట్టువు ఉన్నది. 1931లో దానిని కనుగొన్న హెరాల్డ్ యూరీ 1934లో నోబెల్ పురస్కారం అందుకొన్నాడు. సహజమైన నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 150 మాత్రమే డ్యుటీరియం. గోదావరి తీరాన మణుగూరులోని కర్మాగారం ఈ స్వల్పాంశాన్నే కూడగట్టి అణు రియాక్టర్లకు భారజలం తయారుచేస్తుంది. అందుకు విరుద్ధంగా, డ్యుటీరియాన్ని తగ్గించినప్పుడు లభించేది తేలిక నీరు.

1993లో హంగేరీ శాస్త్రజ్ఞుడు గాబోర్ షోమ్యాయి, ఆయన సహచరులు ఒక పరిశోధనను ప్రకటించారు. డ్యుటీరియం పది లక్షలకు 30 పాళ్లకు తగ్గిన నీటిలో ఎలుక కణాల వృద్ధి మందగించింది. ఎలుకలలో నాటిన కణితుల పెరుగుదల కూడా తగ్గింది. ఆ ఫలితం ఆలోచింపదగినదే.

అయితే గాజుపాత్రలోని కణానికి నీరంతా ఒక్కసారే మార్చవచ్చు. 70 కిలోల మనిషి దేహంలో సుమారు 40 లీటర్ల నీరు ఉంటుంది. తాగే నీటితో అది మెల్లగా మాత్రమే మారుతుంది. అన్నం, పప్పు, పండ్లు సైతం తమ హైడ్రోజన్‌ను అందిస్తూనే ఉంటాయి. పైగా పాత్రలో కణాలను అడ్డగించే పదార్థాలు అనేకం, రోగికి మేలు చేసేవి కొన్నే. ఆ భేదాన్ని తేల్చేవి రోగులను వర్గాలుగా విభజించి పోల్చే పెద్ద పరీక్షలు. ఈ నీటిని చికిత్సగా నిలబెట్టగల రుజువు ఇంకా సమకూరలేదు. ఇంటి ఆర్‌.ఓ. యంత్రం గాని, పొయ్యి మీద కాచడం గాని డ్యుటీరియాన్ని తొలగించజాలవు.

సోదరిని క్యాన్సరుకు కోల్పోయిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఈ నగరంలోనే వెలసింది. శస్త్రచికిత్స, కిరణచికిత్స, మందులు అక్కడ అందుతున్నాయి. తేలిక నీరు తాగదలచినవారు ఆ సంగతిని వైద్యునికి దాచరాదు, చికిత్సను వాయిదా వేయరాదు. నీటికై వెచ్చించిన ధనాన్ని మరల సంపాదించవచ్చు. చికిత్స లేక గడచిన నెలలు మరల రావు.