లోపమును చెప్పు నేర్పు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యువతీయువకు లనేకులు ఉద్యోగార్థులై బెంగుళూరు పోవుచున్నారు. ఇంటర్వ్యూలలో వారిని తికమకపెట్టు ప్రశ్న యొకటి కలదు: "నీలోని లోప మేమి?"

"నాకు లోపమే లేదు" అనుట అహంకారము. "అతిగా శ్రమించుటయే నా లోపము" అనుట నటన. యౌవనమున నేనును మొదటి సమాధానమే చెప్పి, రిక్తహస్తములతో ఇల్లు చేరితిని.

ధర్మరాజును జూడుడు. జూదము ఆయన లోపము. దానివలననే రాజ్యము పోయెను. అరణ్యవాసమున బృహదశ్వ మహర్షివలన అక్షహృదయ మను విద్యను నేర్చెను. విరాటుని కొలువున కంకుడై పేరును దాచెను గాని ద్యూతమును దాచలేదు. ఆ నేర్పుతోనే కొలువు సంపాదించెను.

కావున నిజమైన లోప మొకటి చెప్పుడు. దానివలని నష్టమును ఒక వాక్యమున, దిద్దుకొనుటకు చేయుచున్న కృషిని రెండు వాక్యములలో చెప్పుడు. ఆంగ్లమున తడబడుదురా? "దినమున కర్ధగంట బిగ్గరగా చదువుచున్నాను" అనవచ్చును. అది నిజమైనప్పుడే సుమా!

లెక్కలు వ్రాయువానికి తెలియును: తప్పంకెను దాచినవాడు మరి పది తప్పులు వ్రాయవలసివచ్చును. కొట్టివేసి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకము చేసినవానిని తనిఖీదారు నమ్మును. ఈ గ్రంథాలయము మీకట్లు దిద్దుకొను చోటు కావలెనని నా ప్రార్థన.