నేల చల్లదనం – పాత మిద్దెల బాగు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇంజనీరులం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా కట్టడాల సంగతి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. కారణం మీకు తెలుసు. మన పాత మదర్సా మిద్దెను పడగొట్టి కాంక్రీటు స్లాబు వేసి ఏసీలు పెడదామని కొందరు, బాగుచేయించి నిలుపుకుందామని కొందరు అంటున్నారు. ఆ నిర్ణయం జరిగేలోగా నాలుగు విషయాలు మీ ముందుంచుతాము.

ఏసీల గురించి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన శ్రీ సిటీలోనే డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీల కర్మాగారాలున్నాయి. వాటిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఏసీ చేసే పని ఒకటే. గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది, బావిలో నీళ్ళు తోడినట్టు. బావి ఎంత లోతైతే చేతులకు అంత శ్రమ. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఆ మండే గాలిలోకే ఇంకా వేడిని నెట్టాలంటే కరెంటు కాలక ఏమవుతుంది?

ఆ వేడిని గాలిలోకి కాక నేలలోకి పంపితే ఎలా ఉంటుంది? మూడు నాలుగు మీటర్ల లోతుకు పోతే నేల ఎండాకాలమైనా వానాకాలమైనా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుందని శాస్త్రం చెబుతోంది. మనవైపు అది సుమారు 28, 29 డిగ్రీలు. 42 ఎక్కడ, 29 ఎక్కడ! బోరు వేసి గొట్టాలు దించి, వాటిలో నీళ్ళు తిప్పి, ఆ నీళ్ళకు వేడిని అప్పగిస్తే యంత్రానికి శ్రమ తగ్గుతుంది. దీన్నే భూతాప పద్ధతి అంటున్నారు. పేరు విని వేడినీటి బుగ్గలు కావాలేమో అనుకోవద్దు. మామూలు నేల చాలు.

పాత కట్టడాలకు ఇది పనికివస్తుందా అంటే, వస్తుంది. న్యూయార్కులో 1879లో ప్రారంభమైన సెయింట్ పాట్రిక్ కథీడ్రల్ అనే పెద్ద చర్చి ఉంది. దాని మరమ్మతుల్లో భాగంగా 10 బోర్లు వేశారు. కొన్ని 2,200 అడుగుల దాకా దిగాయి. 2017 నుంచి ఆ చర్చికి చలువ, వెచ్చదనం రెండూ నేలనుంచే అందుతున్నాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. వాళ్ళు వేసవిలో నేలకిచ్చిన వేడిని చలికాలంలో తిరిగి తీసుకుంటారు. జమా ఖర్చు సరిపోతుంది. మనకు గది వెచ్చబెట్టుకునే చలి ఎక్కడిది? ఏడాదంతా నేలకు వేడి ఇవ్వడమే కానీ తీసుకోవడం ఉండదు. ఏళ్ళ తరబడి అలా పోస్తూ పోతే గొట్టాల చుట్టూ నేల కూడా వేడెక్కుతుంది. కాబట్టి మన ప్రాంతంలో ముందు కట్టడంలోకి వచ్చే వేడిని తగ్గించుకోవాలి. ఆ తర్వాతే గొట్టాల మాట.

ఆ మొదటి పని మన పెద్దలు ఎప్పుడో చేసిపెట్టారు. చంద్రగిరి రాజమహల్ చూడని వాళ్ళు మనలో ఉండరు. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల కట్టడం. ఆ మందపాటి గోడల మధ్య ఎండపూట నిలబడి చూడండి, తేడా తెలుస్తుంది. ఉత్తరాదిన పాత హవేలీల్లో వేసవి పగళ్ళు గడపడానికి నేల కింద తహ్‌ఖానాలు కట్టుకున్నారు. అదీ నేల చలువే కదా! మన మదర్సా మద్రాసు మిద్దె కూడా ఆ కోవలోదే. దూలాలపైన నిలువు ఇటుక, ఆపైన డంగుసున్నం. పలచని స్లాబు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుందని స్లాబిళ్ళలో ఉండేవాళ్ళందరికీ అనుభవమే.

పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక లోపలే చిక్కుకుంటుంది. గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టు వారు 2013లో పని మొదలుపెట్టి, గతంలో పూసిన సిమెంటును గీకి తీసి మళ్ళీ సున్నమే పూశారు. పూడిన మెట్ల బావులను బాగుచేశారు. ఆ బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

కనుక మా మనవి ఇది. సున్నం పని తెలిసిన ఇంజనీరుకు మిద్దె చూపించాలి. దూలాలకు చెదలు పట్టి ఉంటే అంతవరకు పిల్లలను ఆ గదుల్లో కూర్చోబెట్టరాదు. చెడిన దూలాలు మార్చాలి. సిమెంటు తీసి సున్నం పూయాలి, మూసేసిన గవాక్షాలు తెరవాలి, మిద్దెపైన తెల్లసున్నం కొట్టాలి. పెరటి బావి పూడిక తీసి వాననీళ్ళు దానిలోకి మళ్ళించాలి. తడినేల వేడిని బాగా లాక్కుంటుంది కాబట్టి ఆ నీళ్ళు రేపు గొట్టాలకూ మేలు చేస్తాయి. ఒక వేసవి అంతా థర్మామీటరు పెట్టి లోపల ఎంత, బయట ఎంత అని పిల్లల చేతనే రాయిద్దాము. అప్పటికీ చాలకపోతే ఒక్క పెద్దహాలుకు మాత్రం బోరు గొట్టాలు వేయిద్దాము. బోర్లకు ఖర్చు ఎక్కువ. అవసరమెంతో తెలియకుండా చందాదారుల డబ్బు నేలలో పోయరాదు.

పడగొట్టడానికి రెండు రోజులు చాలు. అలాంటి మిద్దె మళ్ళీ కట్టే మేస్త్రీలు మాత్రం ఇప్పుడు దొరకడం కష్టం. ఒంటిపూట బడుల రోజుల్లో చెమటలు కక్కుతూ అలిఫ్, బే దిద్దుకునే పిల్లలను తలచుకొని మీరే నిర్ణయించండి.