చీకటి కథలు – చదువరుల బాధ్యత



బడిలో హత్యలను వర్ణించు నవలలు గ్రంథాలయమున నుండవచ్చునా యను ప్రశ్న కలదు. అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ 1977లో మాఱుపేరుతో ‘రేజ్’ అను నవలను ప్రకటించెను. అందొక విద్యార్థి ఉపాధ్యాయులను తుపాకితో కాల్చి, తోడి విద్యార్థులను తరగతిలో నిర్బంధించును. 1997లో కెంటకీ రాష్ట్రమున నొక బాలుడు బడిలో కాల్పులు జరుపగా, వానియొద్ద ఆ నవల యుండెనని విని, కింగ్ దాని ముద్రణను తానే మాన్పించెను.

ఆ వివేకము శ్లాఘనీయము. అంతమాత్రమున చీకటి కథలన్నియు త్యాజ్యములు కావు. నిద్రించుచున్న ఉపపాండవులను అశ్వత్థామ వధించిన ఘోరమును తిక్కన సౌప్తికపర్వమున దాచలేదు. అయినను ద్రౌపది శోకమును, హంతకుడు శిరోమణిని గోల్పోవుటను గూడ చూపెను. కావున చదివినవాడు అశ్వత్థామ కాగోరడు.

హంతకుని కోపమునకే గాక మృతుల తల్లి కన్నీటికిని చోటిచ్చిన గ్రంథమును మన బీరువాలో నుంచుదము. పిల్లవాడు దానిని గొనిపోయినచో, పెద్దలొకరు తామును చదివి వానితో ముచ్చటింపవలెను. ఇదియే నా మనవి.