కదలని కారు ఏం చెబుతోంది?



ఈ రోజు కారు గురించి మాట్లాడుకుందాం. "మాకెందుకు టీచరూ?" అని నవ్వకండి. కిరాయి కారు మీద బతికే ఇళ్లు మన ఊళ్లల్లో ఉన్నాయి. బండి ఆగితే సంపాదన ఆగుతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

నడిపే మనిషికి జబ్బు చేసింది అనుకోండి. కారు నెలన్నరగా చెట్టు కింద నిలబడి ఉంది. ఈ రోజు పెళ్లి కిరాయి వచ్చింది. తాళం తిప్పితే కారు పలకలేదు. ఏం చేయాలి? మెకానిక్కును పిలవచ్చు. కానీ ముందు మనం చూడాలి, వినాలి. లోపం ఎక్కడుందో తెలిస్తే అక్కర్లేని సామాను కొనకుండా డబ్బు మిగుల్చుకుంటాం.

తాళం తిప్పకముందే బానెట్ ఎత్తండి. నిలిచిన బండి ఎలుకలకు ఇల్లు. అవి వైర్లు కొరుకుతాయి, గూడు పెడతాయి. కొరికిన వైరు కనబడినా, పెట్రోలు వాసన వచ్చినా తాళం తిప్పకండి. మంట పుట్టవచ్చు. పిల్లి, పాము కూడా దూరి ఉండవచ్చు. చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి.

అంతా బాగుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి తాళం తిప్పండి. ఏ చప్పుడు వస్తుందో వినండి.

అసలు చప్పుడే లేదా? లేక టకటక అని ఆగిందా? లైట్లు వేసి చూడండి. లైట్లు మసకగా ఉంటే బ్యాటరీ దిగిపోయింది. నిలిచిన కారులో ఎక్కువగా జరిగేది ఇదే. కారు ఆపి ఉంచినా గడియారం, తాళం అలారం కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. కుండకు సన్న చిల్లి పడితే ఏమవుతుంది? నీళ్లు కారి కారి ఒకనాటికి కుండ ఖాళీ అవుతుంది. బ్యాటరీ కూడా అంతే.

2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. కార్లు వారాల తరబడి కదలలేదు. అప్పుడు చాలా ఇళ్లల్లో ఇదే జరిగింది.

ఇప్పుడు బ్యాటరీని చూడండి. దాని మీద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి +. ఇంకొకటి −. మనం లెక్కల్లో నేర్చుకున్న కూడిక, తీసివేత గుర్తులే! వాటి దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా? బిగింపు వదులైందా? అయితే కరెంటు సరిగా పారదు. కొత్త బ్యాటరీ కొనే ముందు దీన్ని శుభ్రం చేయించండి.

మీరే చేస్తే జాగ్రత్త. లోహపు గాజులు, గొలుసు తీసేయండి. కొంగు బిగించండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. బ్యాటరీలో ఉండేది యాసిడ్. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విప్పేటప్పుడు ముందు − విప్పాలి. బిగించేటప్పుడు ముందు + బిగించాలి. పొడిని వంట సోడా కలిపిన నీళ్లతో తుడవాలి. ఉబ్బిన బ్యాటరీని, పగిలిన బ్యాటరీని ముట్టుకోవద్దు. దగ్గర బీడీ, అగ్గిపుల్ల అసలే వద్దు. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది.

లైట్లు బాగా వెలుగుతున్నాయి, ఒక్కసారి టక్ అని ఆగిందా? అది సెల్ఫ్ మోటారు లోపం కావచ్చు. ఆ మాటే మెకానిక్కుకు చెప్పండి.

ఇంజను గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవటం లేదా? అప్పుడు బ్యాటరీ తప్పు కాకపోవచ్చు. ముందు నూనె ముల్లు చూడండి. పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంటే దాని శక్తి తగ్గుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. ఆగకుండా కొడితే మోటారు కాలుతుంది, ఉన్న కరెంటూ పోతుంది.

కారు స్టార్టు అయ్యాక మూసిన షెడ్డులో ఉంచి నడపకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి ప్రాణం తీస్తుంది. తలుపులు తెరిచి, బండిని బయటికి తీయండి.

మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి? వారానికి ఒకసారి అరగంట కారును రోడ్డు మీద తిప్పండి. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే లాభం లేదు. స్టార్టు చేయటానికి ఖర్చయిన కరెంటు తిరిగి నిండదు. చాలా రోజులు కదిపే పని లేకపోతే బ్యాటరీ − తీగ విప్పించి పెట్టండి.

ఇంకో మాట. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా నొప్పులు వస్తే, కదలని కారుతో కుస్తీ పట్టకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

ఇక మీ నోటుబుక్కు తీయండి. బ్యాటరీ కొన్న తేదీ రాయండి. బ్యాటరీ మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు పనిచేస్తుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో చాలా కార్లకు డ్రైవరు తలుపు పక్కన రాసి ఉంటుంది. ఆ అంకె కూడా చూసి రాయండి. కింద మెకానిక్కు ఫోను నంబరు రాయండి. ఆ కాగితం కారులో పెట్టండి. రేపు కారు పలకకపోతే, మీరు రాసుకున్న అక్షరాలు మీకు పలుకుతాయి.