అమెరికాలో నా గడ్డం సెట్టు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. దానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. కార్యదర్శిగారు నన్ను "అమెరికా విశేషాలు" చెప్పమన్నారు. నయాగరా గురించి ఇదే హాలులో ఇప్పటికి ముగ్గురు మాట్లాడారు. నేను ఆ జలపాతం చూడనేలేదు. మా అబ్బాయి ఉండేది దేశానికి రెండో చివర, సియాటిల్ పక్కన. అందుచేత నాకు అనుభవమున్న ఒక చిన్న విషయం ఎన్నుకున్నాను. గడ్డం గీసుకోవడం. నవ్వండి, ఫరవాలేదు. మన సభ్యుల్లో సగం మందికైనా పిల్లలు పైదేశాల్లో ఉన్నారు, ఇవాళో రేపో వెళ్ళేవారే. పనికొస్తుంది.

నా దగ్గరున్నది మూడు ముక్కల ఇత్తడి రేజరు. పైన మూత, మధ్యన పలక, కింద పిడి. 1971లో నాకు ఎల్.డి.సి.గా ఉద్యోగం వచ్చినప్పుడు మా అన్నయ్య కొనిపెట్టాడు. ఆయన స్కూలు మాస్టారు. అంతకు నాలుగేళ్ళ ముందే, పెరట్లో నూతి పళ్ళెం దగ్గర నన్ను కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఒరే తమ్ముడూ, నువ్వు నొక్కకు, రేజరు బరువే చాలు" అని నేర్పినవాడు కూడా ఆయనే. అప్పటిదాకా మా ఇంటికి మంగలాయన పొది పట్టుకుని వచ్చేవాడు. మా నాన్నగారు చివరిదాకా ఆ కత్తికే గడ్డం అప్పగించారు, రేజరు ముట్టలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కుగారు, మాసిన గడ్డంతో వచ్చినవాణ్ణి ఆఫీసరు గదిలోకి ఫైలు పట్టుకుని వెళ్ళనిచ్చేవారు కారు. ఆ భయం అలవాటైపోయింది. 2007లో రిటైరైన మర్నాడు కూడా ఆరుంటికే లేచి గీసుకున్నాను. మంగళ, శుక్రవారాలు మినహాయింపు, అది మా ఆవిడ పెట్టిన జీ.వో. మనం ఏడాదికోసారి ట్రెజరీకి బతికి ఉన్నట్టు సర్టిఫికెట్టు ఇస్తాం గదా, నేను అలాంటిది ఒకటి రోజూ పొద్దున్నే అద్దానికి ఇచ్చుకుంటాను.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. వేడినీళ్ళతో ముఖం తడిపి రెండు నిమిషాలు నానబెట్టాలి. బ్రష్షును తడిపి, విదిలించి, సబ్బు మీద తిప్పి, చెంపల మీద గుండ్రంగా రుద్దితే నురగ చిక్కబడుతుంది. రేజరు పిడిని చర్మానికి సుమారు ముప్ఫై డిగ్రీల వాలులో పట్టుకుని, ముందు వెంట్రుక వాలున ఒకసారి, మళ్ళీ నురగ పూసి అడ్డంగా ఒకసారి. ఎదురుగీత నునుపే గాని మన వయసు చర్మానికి మంచిది కాదు. చివర చన్నీళ్ళు, పటిక. బ్లేడు ఐదుసార్లకు మించి వాడను. బ్రష్షు మటుకు పంది వెంట్రుకలది. ఈ సంగతి మా ఆవిడకు నలభై ఏళ్ళు చెప్పలేదు. ఇవాళ ఆవిడ రెండో వరసలో కూర్చుంది గనుక ఇప్పుడు తెలిసిపోయింది.

ఇక ప్రయాణం. 2013లో మొదటిసారి వెళ్ళినప్పుడు సెట్టు మొత్తం చేతిసంచిలో పెట్టుకున్నాను. పెద్ద పెట్టె ఎక్కడైనా తప్పిపోతే కష్టమని నా ముందుచూపు. మధ్యలో విమానం మారే చోట తనిఖీలో సంచి ఆపేశారు. ఒక కుర్రవాడు ఐదు ప్యాకెట్లు, అంటే పాతిక బ్లేడ్లు, నా కళ్ళముందే డబ్బాలో పడేశాడు. పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్స్‌రేలో మళ్ళీ పంపి, ఏమనుకున్నాడో తిరిగి ఇచ్చేశాడు. నా వెనక ఉన్నాయన సంచిలో ఐదు బ్లేడ్ల ప్లాస్టిక్ రేజరు ఉంది, దాన్నెవరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది. తరవాత మా అబ్బాయి రూలు చదివి వినిపించాడు. అమెరికా నిబంధన ప్రకారం కార్ట్రిడ్జిలో బిగించేసిన బ్లేడ్లు చేతిసంచిలో ఉండవచ్చు, విడిగా ఊడివచ్చే బ్లేడ్లు ఉండరాదు. బ్లేడు లేని పిడి ఉండవచ్చు. తుది నిర్ణయం మాత్రం అక్కడ నిలబడ్డ ఉద్యోగిది. మన ఆఫీసుల్లో "విచక్షణాధికారం" అంటామే, అదే. రూలు సరిగానే ఉంది, చదవనివాణ్ణి నేను.

కాబట్టి బ్లేడ్లు చెక్-ఇన్ పెట్టెలో, కాగితం చుట్టి, డబ్బాలో పెట్టండి. తెరిచి చూసేవాడి వేలు కోసుకోకుండా ఉండాలి. సబ్బు విషయం ఇంకోటి. 2006లో విమానాల మీద ద్రవపదార్థాల బాంబుల కుట్ర బయటపడ్డాక చాలాచోట్ల చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు మించిన ద్రవాలు, క్రీములు తీసుకువెళ్ళనివ్వడం లేదు. గట్టి సబ్బుబిళ్ళకు ఆ లెక్క లేదు. క్రీము ట్యూబు కంటే పాతకాలపు సబ్బే సుఖం. పటిక ముక్కకూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ మొదటిసారి బ్లేడ్లు లేక కొనడానికి వెళితే, మందుల షాపులో కార్ట్రిడ్జిలు గాజు అల్మైరాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. గంట నొక్కితే మనిషి వచ్చి తీసిస్తాడు. నాలుగింటి ధర విన్నాక మా అబ్బాయి జేబు వైపు చూడలేకపోయాను. ఇంతా చేసి విడి బ్లేడు రేజరుకు పేటెంటు తీసుకున్నది అమెరికావాడే, గిల్లెట్, 1904లో. మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ళ సైనికులకు ఆ రేజర్లే పంచారు.

అక్కడి స్నానాలగదిని గురించి హెచ్చరిక. నేలకు తూము ఉండదు. మన అలవాటులో చెంబుతో ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటే ఆ నీళ్ళు కింది అంతస్తు పైకప్పులోకి దిగుతాయి. మొదటిరోజు నేను చేసింది అదే. కోడలు ఏమీ అనకుండా తువ్వాళ్ళు పరిచింది. అప్పటినుంచి ఒక స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పెట్టుకుని, రేజరు అందులోనే కడిగేవాణ్ణి. దీనివల్ల వెంట్రుకలు సింకు గొట్టంలో పడవు కూడా.

కాని ఆ నీళ్ళ సుఖం మటుకు చెప్పాలి. మన ఇంట్లో బోరు నీళ్ళు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టుకడుతుంది, నురగ రాదు. ఎంత రుద్దినా తరవాణి మీద తేలే పొరలాగ ఉంటుంది. సియాటిల్ నీళ్ళు కాస్కేడ్ కొండల వానా మంచూ కరిగి సీడర్, టోల్ట్ అనే నదుల్లోకి వచ్చినవి. చాలా మెత్తని నీళ్ళు. నేను ఇంట్లో లాగానే సబ్బు రుద్దేసరికి నురగ మోచేతిదాకా కారింది. మూడోవంతు సబ్బు చాలు. ఆ నురగ చూసి మా మనవడు "తాతయ్యా, నువ్వు శాంటాక్లాజువా" అని అడిగాడు.

వాడిన బ్లేడ్లు రీసైక్లింగు డబ్బాలో వెయ్యకూడదు, చెత్త ఏరేవాళ్ళ చేతులు తెగుతాయి. ఖాళీ చాక్లెట్ డబ్బాకు చీలిక పెట్టి అందులో పోగుచేసి, నిండాక టేపు చుట్టాం. అక్కడి పాత ఇళ్ళలో అద్దం బీరువా వెనక సన్నని కన్నం ఉండేదట, అందులో వేస్తే బ్లేడు గోడ లోపలికి పడిపోతుంది. ఇల్లు పడగొట్టినవాడి గతి ఏమిటో.

ఇంతవరకు నవ్వులాటగా చెప్పాను. 2023లో వెళ్ళినప్పటి సంగతి వేరు. 2019లో నాకు స్టెంటు వేశారు. ఆస్పిరిన్, దానితో మరొకటి, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నాను. డాక్టరుగారు ఆనాడే "విడి బ్లేడు మానేసి మెషిన్ వాడండి" అన్నారు. నేను తల ఊపి వచ్చాను. దానికి తోడు ఏడాదిగా కుడిచేతికి కొంచెం వణుకు. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సంతకం వంకర పోతోందని బ్యాంకులో ఒకసారి అన్నారు, పెన్ను బాగాలేదని చెప్పి వచ్చాను.

వెళ్ళిన మూడోవారంలో దవడ కింద తెగింది. చిన్నదే. మామూలుగా అయితే పటిక రాస్తే నిమిషంలో కడుతుంది. ఆ రోజు ఇరవై నిమిషాలు కారింది. తువ్వాలు ఎర్రబడింది. కోడలు, "మావయ్యగారూ, హాస్పిటలుకు వెళదామా" అని ఏడుపుగొంతుతో తలుపు దగ్గర నిలబడింది. మనం తీసుకునే ప్రయాణపు ఇన్సూరెన్సులు పాత జబ్బులకు వర్తించకపోవడం మామూలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. గుడ్డ మడిచి కదపకుండా పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టుకుంటే ఆగింది. నేను అంతకుముందు నిమిషానికోసారి తీసి చూస్తూ ఉండటం తప్పు.

సాయంత్రానికి మా అబ్బాయి ఎలక్ట్రిక్ షేవరు తెచ్చాడు. "నాన్నా, ఇక ఆ రేజరు వద్దు" అన్నాడు. గొడవ పడ్డాం. అరవలేదు గాని నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. వాడు చెప్పింది న్యాయమే. కాని అక్కడ నాకు కారు తోలడం రాదు, బజారుకు వెళ్ళలేను, టీవీ కూడా మనవడు పెట్టాలి. నా చేతులతో నేను పూర్తిగా చేసుకునే పని అదొక్కటే మిగిలింది. ఆ మాట వాడికి ఎలా చెప్పను? రేజరు పెట్టెలో పెట్టి మెషిన్ వాడాను.

జూలైలో ఒక రాత్రి పదకొండుకు ఫోను. ఇక్కడ పొద్దున్న పదకొండున్నర. మా అన్నయ్య పోయాడు. ఎనభై మూడేళ్ళు. టిక్కెట్టు దొరికినా చేరడానికి రెండు రోజులు. అన్నయ్య కొడుకు, "బాబాయ్, సాయంత్రానికే తీసుకెళుతున్నాం, మీరు బయలుదేరకండి" అన్నాడు. ఫోను తెరమీద చూశాను. అక్కడివాళ్ళెవరో కదిలినప్పుడల్లా చిత్రం ఆగిపోయేది.

పదిరోజులు మైల పట్టాం. మా ఇళ్ళ ఆచారం ప్రకారం పదోరోజున తమ్ముళ్ళు క్షవరం చేయించుకుని ధర్మోదకాలు వదలాలి. బోథెల్‌లో గుడి ఉంది. అక్కడ పరిచయమైన పురోహితుణ్ణి అడిగితే, మిగతా కార్యక్రమం తాను చూస్తానని, గడ్డం ఇంట్లోనే చేసుకోమని అన్నాడు. పొద్దున్నే మెషిన్ పెట్టాను. పదిరోజుల గడ్డం దాని జాలీలో దూరదు. కోయదు, పీకుతుంది. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. పెట్టెలోంచి అన్నయ్య రేజరు తీశాను. బ్లేడు బిగించేటప్పుడే చెయ్యి వణకడం మొదలుపెట్టింది. రెండుసార్లు మూత సింకులో పడింది.

ఆ చప్పుడుకు మా అబ్బాయి వచ్చాడు. కాసేపు నా చేతివైపే చూశాడు. ఎన్నాళ్ళనుంచి అని అడగలేదు. "కూర్చో నాన్నా, నేను గీస్తాను" అన్నాడు. వాడికి విడి బ్లేడు పట్టుకోవడం తెలియదు, పుట్టిన దగ్గరనుంచీ వాడు చూసింది ఎలక్ట్రిక్ యుగం. ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించమన్నాను. నానబెట్టమన్నాను. బ్రష్షు ఎలా తిప్పాలో చూపించాను. వాడు ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. మొదటి గీత గట్టిగా నొక్కాడు. "నొక్కకురా, రేజరు బరువే చాలు" అన్నాను. ఆ మాట అన్నాక కొంతసేపు ఇద్దరం ఆగవలసి వచ్చింది.

ఒక్క గాటు పడలేదు. అరగంట పట్టింది. ఆ మిగిలిన రెండు నెలలూ ఆదివారం ఆదివారం వాడే గీశాడు. మిగతా రోజులు మెషిన్.

తిరిగొచ్చాక డాక్టరుగారికి వణుకు సంగతి చెప్పాను. ఇంకో మాత్ర కలిపారు. చెప్పకుండా దాచినందుకు చీవాట్లు కూడా పెట్టారు. ఇప్పుడు చెయ్యి కుదురుగా ఉన్న రోజున నేనే గీసుకుంటాను, మా ఆవిడ గుడ్డ మడిచి పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. కుదురులేని రోజున సందు చివరి సెలూనుకు వెళతాను. అతను కొత్త బ్లేడు నా ముందే విప్పాలి, అది నా షరతు.

వచ్చే వేసవిలో మళ్ళీ రమ్మంటున్నాడు. బ్లేడ్లు తెమ్మని ఈసారి వాడే రాశాడు, పది ప్యాకెట్లు. చెక్-ఇన్ పెట్టెలో పెడతాను. సెలవులకు అటు వెళ్ళే సభ్యులెవరికైనా బ్రష్షు, సబ్బు విషయంలో సందేహాలుంటే సభ అయ్యాక అడగండి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, టీ కూడా వచ్చినట్టుంది.