నోరు విప్పించిన కథలు
(సంఘ వార్షికసభలో చేసిన ప్రసంగ పాఠం)



కోటబొమ్మాళిలో మన సభ అంటే చదువులు, స్కాలర్‌షిప్పులు, పేదపిల్లల పెళ్ళిళ్ళ సంగతులు వినడం అలవాటు. ఈసారి మమ్మల్ని కథల గూర్చి మాట్లాడమన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ, చిన్ననాడే భయం మరిగిన బిడ్డ తిరిగి ఎలా కోలుకుంటారో చెప్పే కథల గూర్చి. కథలతో కడుపు నిండుతుందా అని కొందరికి సందేహం కలగవచ్చు. కాస్త ఓపికపట్టి వినమని మనవి.

మన ప్రాంతానికి కథ కొత్తది కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. 2021లో ఆయన కన్నుమూసినా, ఆయన చేర్చిన కథలు మనకున్నాయి. అంతకు చాలాముందే విజయనగరం గురజాడ 1910లో "దిద్దుబాటు" రాశారు. అందులో దారితప్పిన భర్తను చదువుకున్న భార్య తెలివిగా దిద్దుకుంటుంది. మంచి కథే. కాని భర్త దిద్దుకోకపోతే ఆ ఇల్లాలి గతి ఏమిటి?

ఈ ప్రశ్నకు తర్వాతి రచయిత్రులు జవాబు వెతికారు. పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు సంసారంలో పడి తన పేరే మరిచిపోతుంది. పాత స్నేహితురాలు పేరుపెట్టి పిలిస్తే గాని గుర్తురాదు. ఓల్గాగారి "విముక్త" కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో ముక్కుచెవులు పోగొట్టుకున్న శూర్పణఖ పగతో కుమిలిపోదు. అడవిలో అందమైన పూలతోట పెంచుకుంటుంది. ఆ తోటపనిలోనే తన్ను తాను తిరిగి కూడగట్టుకుంటుంది. సీత ఆమెను వెదుక్కుంటూ వెళ్ళి పక్కన కూర్చుంటుంది. ఇక మన ఇళ్ళ సంగతులంటారా, 2004లో స్కైబాబ సంపాదకత్వాన "వతన్" అనే ముస్లిం కథల సంకలనం వచ్చింది, అందులో అవి కూడా ఉన్నాయి.

ఒకనాడు పదిమంది ఆడవాళ్ళ మధ్య ఆ శూర్పణఖ కథ చదివి వినిపించాము. అందరూ బాగుందన్నారు. ఒకామె మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: "దానికి తోటుంది. నాకేటుంది? మా అమ్మను కొడతన్నప్పుడు మంచం కింద దూరి సెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు నా గుంట అలాగే మూసుకుంటాది."

మేము జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఇలాంటి ఆడకూతురు గుమ్మంలోకి వస్తే, "సర్దుకో తల్లీ, సంసారమన్నాక తప్పదు" అని వెనక్కి పంపిన పెద్దల్లో మేమూ ఉన్నాము. ఆ మాట ఈ సభలోనే ఒప్పుకుంటున్నాము. బిడ్డ మీద దెబ్బ పడలేదు గదా అని ఊరుకున్నాము. చెవులు మూసుకున్న బిడ్డకు కూడా దెబ్బ తగిలినట్టేనని ఆనాడు ఆలోచించలేదు.

కథ గాయాన్ని మాన్పదు. కాని తన బాధ చెప్పుకోలేని మనిషి శూర్పణఖ బాధ చెప్పగలదు. అలా చెబుతూ చెబుతూ తన దగ్గరకు వస్తుంది. ఆ క్షణాన వినేవాళ్ళు పక్కన ఉండాలి, అంతే. విన్నాక చేయవలసిన పని కూడా ఉంది. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమల్లోకి వచ్చింది. అది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. కొట్టడమే కాదు, తిట్లు, లైంగిక హింస, డబ్బుకు కటకటలాడించడం కూడా అందులో హింసే. భార్యే కానక్కరలేదు, తల్లీ, చెల్లీ కూడా రక్షణ అడగవచ్చు. కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు కూడా ఆ చట్టమిచ్చింది. ఆడవాళ్ళ సహాయానికి 181, పిల్లల కోసం 1098 ఫోను నంబర్లు. ఈ రెండూ ప్రతి ఇంటి గోడ మీద రాసి ఉంచండి.

మా మనవి ఒక్కటే. నెలకొకసారి ఆడవాళ్ళంతా కూడి ఒక కథ చదువుకోండి. ఎవరైనా నోరు విప్పితే సగంలో ఆపకండి, బుద్ధులు చెప్పకండి, ఆ మాట వీధిలో వేయకండి. పక్కన కూర్చోండి.

ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ గుంట కథంతా విని, "ఇంకోటి సదవండి" అంది. చెవులు మూసుకోలేదు.

సెలవు.